తొలిచూలు : కాబోయే తల్లులు తెలుసుకొనదగిన విషయాలు

“కానుపు అంటే ఆడదానికి మరుజన్మ” అన్న మాట తెలుగునాట వినిపించని ఇల్లు లేదు. ఈ మాట పుట్టిన కాలంలో ఇందులో అతిశయోక్తి ఎంతమాత్రమూ లేదు. పురిటింటిలోకి వెళ్ళిన ఇల్లాలు తిరిగి వస్తుందో రాదో ఎవరూ చెప్పలేని రోజులవి. పేదల ఇండ్లకే కాదు, రాజప్రాసాదాలకు కూడా ఆ భయం తప్పలేదు. ఇస్తాంబుల్ నగరంలో జన్మించి, 1931లో నిజాం ప్రభువు రెండవ కుమారుడు మొఅజ్జం జాను వివాహమాడిన రాకుమారి నీలోఫర్ వద్ద ఒక పరిచారిక ఉండేది. 1949లో ఆ పరిచారిక ప్రసవ సమయంలో తగిన వైద్యం అందక మరణించినది. ఆ మరణం రాకుమారిని తీవ్రంగా కలచివేసినది. ఇటువంటి చావు మరొక స్త్రీకి రాకూడదన్న ఆమె పట్టుదల ఫలితంగా స్త్రీలకు, శిశువులకు ప్రత్యేకించిన ఒక ఆస్పత్రి రెడ్‌హిల్స్‌లో వెలసి, 1953లో ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. నేటికీ అది ఆమె పేరుతోనే నడుస్తున్నది. ఆ రాకుమారికి సంతాన భాగ్యం కలుగలేదు. అయినను ఈ జంటనగరాలలో ఆమె పేరున్న కప్పు క్రింద కన్ను తెరచిన బిడ్డలకు లెక్క లేదు.

ఆనాటికీ ఈనాటికీ పరిస్థితి ఎంతో మారినది. 2019-21 సంవత్సరాలలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కానుపులు ఆస్పత్రులలోనే జరుగుతున్నాయి. 2018-20 నాటి లెక్కలలో లక్ష సజీవ జననాలకు ప్రసూతి మరణాలు దేశమంతటా సగటున 97 కాగా, మన రాష్ట్రంలో 43 మాత్రమే. ఇది సంతోషించవలసిన విషయం. అయితే ఆ సర్వేలోనే మరి రెండు అంకెలు మనలను ఆలోచింపజేస్తాయి. గర్భవతులలో సగానికి మించి, అంటే నూటికి 53 మంది, రక్తహీనతతో బాధపడుతున్నారు. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్న శిశువులు నూటికి 37 మందే. ఆస్పత్రి చేరువైనది, కాని అన్నం విషయంలోను, పాల విషయంలోను మనం ఇంకా వెనుకబడియే ఉన్నాము. ఈ రెండూ ప్రధానంగా ఇంటికి సంబంధించినవి. అందుచేతనే వైద్యురాలిని కాకపోయినా, తెలుగు బోధించుకొనే ఉపన్యాసకురాలినైన నేను ఈ విషయమై కలం పట్టటానికి సాహసించాను. మన విద్యార్థినులలో పలువురికి డిగ్రీ చేతికి రాకముందే వివాహాలు జరుగుతున్నాయి. తరగతిలో పాఠం అడిగినంత స్వేచ్ఛగా వారు ఇంటిలో ఈ సంగతులు అడుగలేరు. ఇక్కడ వ్రాసినది వైద్యుల సలహాకు ప్రత్యామ్నాయం కాదని మాత్రం మనవి.

మొదట నెలల లెక్కను గురించి చెప్పవలసి ఉన్నది. ఇది చిన్న విషయంగా కనిపించినా అనేక ఇండ్లలో అనవసరమైన ఆందోళనకు కారణమవుతున్నది. వైద్యులు ఆఖరి ఋతుస్రావపు తొలి దినం నుండి 280 రోజులు లెక్కిస్తారు. ఆ తేదీకి తొమ్మిది నెలలు, ఏడు రోజులు కలిపితే కానుపు తేదీ వస్తుంది. ఇవి ఇంగ్లీషు నెలలు. మన నానమ్మలు, అమ్మమ్మలు లెక్కించేది చంద్రమాసాలు. హిజ్రీ నెల అయినా, తెలుగు నెల అయినా ఇరవైతొమ్మిదిన్నర రోజులదే. ఆ విధంగా తొమ్మిది నెలలు నిండేసరికి 266 రోజులే అవుతాయి. అంటే వైద్యుల గడువుకు ఇంకా రెండు వారాల వ్యవధి ఉంటుంది. “తొమ్మిది నిండి పదో నెల పడ్డది, ఇంకా నొప్పులు రాలేదు” అని ఇల్లంతా కంగారుపడి, ఆపరేషన్ చేయమని వైద్యులను తొందరపెట్టటం ఇందువలన జరుగుతున్నది. పెద్దల లెక్క తప్పు కాదు, వైద్యుల లెక్కా తప్పు కాదు. కొలిచే గిన్నెలు వేరు, అంతే. నెల తప్పినదని తెలిసిన వెంటనే ఆఖరి ఋతుస్రావపు తేదీని కాగితంపై వ్రాసి పెట్టుకొనటం ప్రతి యువతి చేయవలసిన మొదటి పని.

రెండవ పని పేరు నమోదు చేయించుకొనటం. బస్తీ దవాఖానాలోగాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోగాని, ప్రైవేటు వైద్యురాలి వద్దగాని మొదటి మూడు నెలలలోపే చూపించుకొనవలెను. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భవతులకు ప్రత్యేక ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. రక్తంలో హిమోగ్లోబిన్, రక్తపు గ్రూపు, చక్కెర, థైరాయిడ్, మూత్రం, రక్తపోటు మొదలైనవాటిని పరీక్షిస్తారు. తల్లి రక్తం ‘నెగెటివ్’ గ్రూపుకు చెంది, తండ్రిది ‘పాజిటివ్’ అయితే ఆ సంగతి ముందుగా తెలియటం చాలా అవసరం. అటువంటివారికి సాధారణంగా 28వ వారంలో ఒకసారి, పుట్టిన బిడ్డది పాజిటివ్ గ్రూపు అయితే కానుపైన 72 గంటలలోపు మరొకసారి ‘యాంటీ-డి’ సూది వేయవలసి ఉంటుంది. ఇది మరుసటి కానుపులోని బిడ్డను కాపాడుతుంది.

ఇక్కడ మన సమాజానికి ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. తెలుగువారిలో మేనరికాలు, ముస్లిం కుటుంబాలలో పినతండ్రి, మేనమామ, మేనత్త బిడ్డల మధ్య వివాహాలు అనాదిగా వస్తున్నవి. ఈ ఆచారపు మంచిచెడ్డల చర్చ ఇక్కడ అప్రస్తుతం. కాని దగ్గరి సంబంధాలలో ‘తలసీమియా’ వంటి వంశపారంపర్య రక్తవ్యాధులు బయటపడే అవకాశం హెచ్చు. తల్లిదండ్రులిద్దరూ ఆ లక్షణాన్ని మోస్తున్నవారైతే, పైకి ఇద్దరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. పుట్టబోయే ప్రతి బిడ్డకు మాత్రం ఆ వ్యాధి రావటానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. అటువంటి బిడ్డకు సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలకు ఒకసారి చొప్పున జీవితాంతం రక్తం ఎక్కిస్తూ ఉండవలె. ఒక చిన్న రక్తపరీక్షతో ఈ సంగతి ముందే తెలుస్తుంది. వివాహానికి ముందే చేయించటం ఉత్తమం. లేనియెడల గర్భం నిలిచిన తొలి వారాలలోనైనా భార్యాభర్తలిద్దరూ చేయించుకొనవలెను. వంశానికి అపవాదు వస్తుందని దాచిపెట్టటంవలన ప్రయోజనం లేదు.

ఆహారం విషయానికి వస్తే, “ఇద్దరికి సరిపడ తినాలి” అనే మాట ప్రతి అత్తగారి నోట వినిపిస్తుంది. మన సికింద్రాబాదు ప్రక్కనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ ఈ విషయంలో దేశానికంతటికీ ప్రమాణం. 1918లో నీలగిరులలోని కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా ప్రారంభమైన ఈ సంస్థ 1958లో మన నగరానికి తరలివచ్చినది. గర్భవతి అదనంగా రోజుకు సుమారు 350 కాలరీల ఆహారం తీసుకొంటే చాలునని ఆ సంస్థవారి నిర్ణయం. పాలిచ్చే తల్లికి తొలి ఆరు నెలలలో ఇంకా ఎక్కువ, 600 కాలరీలు, అదనంగా కావలెను. కాని మన ఇండ్లలో జరుగుతున్నది దీనికి తలక్రిందులు. చూలాలికి బలవంతంగా తినిపిస్తారు, బాలింతను పథ్యం పేరుతో పస్తులుంచుతారు!

ప్రతిరోజూ ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రను నాలుగవ నెల నుండి కనీసం 180 రోజులు, కానుపు తరువాత మరి 180 రోజులు వాడవలెనని ప్రభుత్వ నియమం. ఈ మాత్రలను అంగన్‌వాడీలలోను, ఆస్పత్రులలోను ఉచితంగా ఇస్తారు. ఇచ్చినవి అలమరలోనే ఉండిపోతున్నవన్నది వేరే సంగతి. మలం నల్లబడుతుంది, కొంత వికారంగా ఉంటుంది. ఇందుకు భయపడి మానివేయరాదు. ముఖ్యమైన సంగతి, ఈ మాత్రను టీతో గాని, టీ త్రాగిన వెంటనే గాని మింగకూడదు. టీలోని టానిన్ ఇనుమును ఒంటికి పట్టనీయదు. ఇరానీ చాయ్ లేనిదే తెల్లవారని ఈ ఊరిలో ఇది కష్టమైన సలహాయే! చాయ్‌కి, మాత్రకు నడుమ ఒకటి రెండు గంటల వ్యవధి ఉంచి, మాత్రను నిమ్మరసంతోనో, జామపండుతోనో తీసుకొన్నట్లయితే మేలు. కాల్షియం మాత్రను కూడా దీనితో కలిపి వేసుకొనరాదు.

కుంకుమపువ్వు పాలు త్రాగితే బిడ్డ ఎర్రగా పుడుతుందన్న నమ్మకం హిందూ, ముస్లిం భేదం లేకుండా వ్యాపించి ఉన్నది. బిడ్డ రంగును నిర్ణయించేది తల్లిదండ్రుల వంశమే గాని పాలగ్లాసు కాదు. ఆ ఖరీదుతో నెలంతా సరిపడే గ్రుడ్లు కొనవచ్చును. బాగా మాగిన బొప్పాయి వలన గర్భం పోతుందనటానికి కూడా ఆధారం లేదు. పాలుకారే పచ్చికాయను మాత్రం మానటం మంచిది. రంజాన్ నెలలో గర్భం దాల్చిన సోదరీమణులు, పాలిచ్చే తల్లులు ఉపవాసాలను వాయిదా వేసుకొని తరువాత పూర్తి చేసుకొనే వెసులుబాటు ఇస్లాం ధర్మంలోనే ఉన్నది. మన వేసవిలో దప్పికతో కళ్ళు తిరిగి పడిపోయేదాకా పట్టుదలకు పోవలసిన అవసరం లేదు.

దోమల సంగతి సికింద్రాబాదువారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో కనుగొన్నది ఈ ఊరిలోనే. గర్భవతికి మలేరియా వస్తే తల్లికి రక్తహీనత, బిడ్డకు తక్కువ బరువు సంభవిస్తాయి. డెంగీని వ్యాపింపజేసే దోమ పగటిపూట కుడుతుంది కనుక పగలు నిద్రించే పసిబిడ్డకు కూడా దోమతెర అవసరం. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రారంభించిన కె.సి.ఆర్. కిట్‌లో దోమతెరతో కూడిన చిన్న పరుపును చేర్చటం మెచ్చుకొనదగిన ఆలోచన. దానిలోని పౌడరు డబ్బా మాత్రం లేకున్నను లోటు లేదని శిశువైద్యుల మాటలనుబట్టి తోస్తున్నది. పౌడరు పొడి పసివాని ఊపిరితిత్తులలోకి పోతుంది.

మన సంప్రదాయంలో తొలికానుపు పుట్టింట జరగాలి. ఏడవ నెలలో సీమంతమో, ‘సత్వాసా’యో జరిపి పిల్లను పంపుతారు. ఆప్యాయత దృష్ట్యా ఇది ఎంతో మంచి ఆచారం. కాని ఏడు నెలలు ఇక్కడ చూసిన వైద్యురాలు ఒకరు, నల్లగొండలోనో నిజామాబాదులోనో కానుపు చేసేవారు మరొకరు. అటువంటప్పుడు తల్లీబిడ్డల సంరక్షణ కార్డు, స్కానింగ్ కాగితాలు, రక్తపు గ్రూపు చీటీ ఒకే సంచిలో ఉంచి పెట్టెతోపాటు పంపవలెను. చీరలు, గాజులు మరచిపోయినా నష్టం లేదు, ఆ సంచి మరువరాదు. పుట్టినూరు చేరిన వారంలోపు అక్కడి ఆస్పత్రిలో ఒకసారి చూపించుకొనవలెను. రాత్రివేళ ఏ వాహనంలో వెళ్ళాలి, వెంట ఎవరు వస్తారు, రక్తం అవసరమైతే ఇచ్చే ఇద్దరెవరు అనేవి ఎనిమిదవ నెలలోనే నిర్ణయించుకొన్నట్లయితే నొప్పుల వేళ తొట్రుపాటు ఉండదు. ఆపదలో 108 నంబరుకు ఫోను చేస్తే వాహనం వస్తుంది. ఈ సేవ మన హైదరాబాదులోనే 2005 ఆగస్టు 15న ప్రారంభమై ఇతర రాష్ట్రాలకు వ్యాపించినది.

రక్తస్రావం, కళ్ళు మసకలు క్రమ్మే తీవ్రమైన తలనొప్పి, ముఖం వాయటం, మూర్ఛ, ఉమ్మనీరు పోవటం, తీవ్ర జ్వరం, కడుపులో బిడ్డ కదలిక తగ్గటం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినను తెల్లవారనిద్దామని ఆగరాదు.

సంచిలో పెట్టుకొనవలసిన వస్తువులకు పెద్ద ఖర్చు అక్కరలేదు. పాత నూలుచీరలను ముక్కలుగా చేసి, ఉతికి, ఎండలో ఆరవేసినవి పది పన్నెండు, బిడ్డకు ముందువైపు విప్పే నూలు అంగీలు నాలుగైదు, టోపీ, మేజోళ్ళు, తల్లికి ముందు గుండీలున్న వదులు వస్త్రాలు రెండు మూడు, శుభ్రమైన ప్యాడ్లు, ఒక గ్లాసు, ఒక ఫ్లాస్కు – ఇంతే. పాలసీసా, పాలడబ్బా ఆ సంచిలో ఉండరాదు. ఉంటే ఎవరో ఒకరు వాటిని వాడుతారు.

కానుపు సహజంగా జరగాలా, ఆపరేషన్ ద్వారా జరగాలా అనేది వైద్యులు నిర్ణయించవలసినదే. అయితే ఇందాకటి సర్వేలో తెలంగాణలో నూటికి 60 కానుపులకు పైగా ఆపరేషన్‌తోనే జరిగినట్లు తేలినది. దేశమంతటి సగటు 21 మాత్రమే! ఇంత వ్యత్యాసం మన స్త్రీల శరీరధర్మం వలన వచ్చినదని నమ్మటం కష్టం. నొప్పులంటే భయం, ముహూర్తాల తొందర, ఆస్పత్రుల సౌలభ్యం అన్నీ ఇందులో కలిసి ఉన్నాయి. 2017లో కరీంనగర్‌లో మిడ్‌వైఫ్‌లకు ప్రత్యేక శిక్షణ ప్రారంభించటం ఈ ధోరణిని సరిదిద్దే ప్రయత్నాలలో ఒకటి. “ఆపరేషన్ ఎందుకు అవసరమైనది? వేచి ఉంటే ఏమి ప్రమాదం?” అని అడిగే హక్కు కాబోయే తల్లికి, ఆమె భర్తకు ఉన్నది. మంచి వైద్యులు ఆ ప్రశ్నకు కోపగించరు. ప్రమాదం ఉందని చెప్పినప్పుడు మాత్రం మంచిరోజు కోసం ఆలస్యం చేయటం తగదు.

ఇక అన్నిటికన్న ముఖ్యమైనది మొదటి గంట. బిడ్డ పుట్టగానే తుడిచి, ఆరోగ్యంగా ఉన్నట్లయితే తల్లి ఎదపై ఒంటికి ఒళ్ళు తగిలేటట్లు పడుకోబెట్టి, గంటలోపు రొమ్ము అందించవలెను. మత్తు నడుము క్రిందికి మాత్రమే ఇచ్చిన ఆపరేషన్ కానుపులలో కూడా ఇది సాధ్యమే. ఆ సమయంలో వచ్చే పసుపుపచ్చని చిక్కని పాలు ముర్రుపాలు. రోగనిరోధక శక్తినిచ్చే పదార్థాలు వీటిలో సమృద్ధిగా ఉంటాయి. మన ఇండ్లలో గేదె ఈనితే ఆ తొలిపాలను జున్ను వండి, ఇరుగుపొరుగులకు పంచి, ఎంతో అపురూపంగా తింటాము. కన్నతల్లి తొలిపాలను మాత్రం ‘చెడ్డపాలు’ అని పిండి పారబోయిస్తాము! దూడకు పనికివచ్చినది బిడ్డకు పనికిరాదా?

ఆ పాలు చెంచాడే కదా, బిడ్డ కడుపు నిండుతుందా అని సందేహం. పుట్టిననాటి శిశువు కడుపు గోలీకాయ అంత. దానికి ఆ చెంచాడు చాలును. పాలు ధారాళంగా పడేది మూడవ రోజు నాటికి. ఈ రెండు మూడు రోజుల నడుమనే “పాలు పడలేదు” అని డబ్బాపాలు తెప్పిస్తారు. బిడ్డ చీకటం తగ్గుతుంది, చీకటం తగ్గితే పాలు తగ్గుతాయి, చివరకు నిజంగానే పాలు లేకుండా పోతాయి. రాత్రి, పగలు కలిపి ఎనిమిది నుండి పన్నెండు సార్లు పాలివ్వవలె. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లయినా మూత్రం పోస్తున్నదంటే పాలు చాలుతున్నట్లే. ఆరు నెలలు నిండేవరకు మంచినీళ్ళు కూడా అక్కరలేదు.

ఇక్కడనే ‘ఘుట్టీ’, తేనె, ఆముదం, వసకొమ్ము వంటివాటి ప్రసక్తి వస్తుంది. పెద్దలు ఆశీర్వదించి నోటికి అందించే తీపి వెనుక ఉన్న ప్రేమను నేను కాదనను. కాని తేనెలో ఉండగల ఒక సూక్ష్మక్రిమి ఏడాదిలోపు శిశువులలో పక్షవాతం వంటి స్థితిని కలుగజేస్తుంది. నవజాత శిశువు చెవిలో అజాన్ పలకటానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. దానికి చెవి చాలు. నోటికి సంబంధించిన ఆచారాలను గురించి మాత్రం ఇంటి పెద్దలతో ఎనిమిదవ నెలలోనే, మృదువుగా, భర్త ద్వారా మాట్లాడించటం మంచిది. పురిటి మంచం దగ్గర ఆ చర్చ జరగటం ఎవరికీ గౌరవం కాదు. ఖురాన్ తల్లి పాలివ్వటాన్ని రెండు సంవత్సరాల పర్యంతం పేర్కొన్నదని గుర్తు చేస్తే పెద్దలు సంతోషిస్తారు కూడా.

బొడ్డుతాడుకు బూడిద, పసుపు, నూనె ఏదీ పూయకుండా పొడిగా వదలివేయవలె. మొదటి రోజు స్నానం వలదు. ముక్కులో, చెవులలో నూనె పోయరాదు. కాటుక, సుర్మా కంటిలో పెట్టరాదు. సుర్మాలో తరచుగా సీసం ఉంటుంది, అది ఎదిగే మెదడుకు విషం. దిష్టికే అయితే ఇంటిలో చేసిన కాటుకచుక్క అరికాలిన పెట్టవచ్చును. సాంబ్రాణి పొగ వాసన హాయిగానే ఉంటుంది గాని ఆ పొగ పసివాని ఊపిరికి మంచిది కాదు. బిడ్డను ఎల్లప్పుడు వెల్లకిలా పడుకోబెట్టవలెను. పాలు త్రాగకపోవటం, నిమిషానికి అరవైకి మించిన ఊపిరి, ఒళ్ళు చల్లబడటం లేదా కాలిపోవటం, అరచేతులు అరికాళ్ళు పచ్చబడటం ఆస్పత్రికి పరుగెత్తవలసిన గుర్తులు. బి.సి.జి., పోలియో చుక్కలు, కామెర్ల టీకా ఆస్పత్రి వదలకముందే వేయించి, ఆరవ వారంలో తిరిగి వెళ్ళవలె.

బాలింతకు నలుబది దినాల విశ్రాంతినిచ్చే ‘చిల్లా’ గొప్ప ఏర్పాటు. సొంఠి, వాము, బెల్లంతో చేసే ‘అఛ్వానీ’ని ఎవరూ వద్దనరు. కాని నీళ్ళు త్రాగనీయకపోవటం, కూరలు, పండ్లు మాన్పించటం, గాలి చొరని గదిలో బంధించటం ఆ ఏర్పాటులో భాగం కారాదు. కానుపైన కొద్ది దినాలు కారణం లేకుండా కన్నీళ్ళు రావటం సహజమే. రెండు వారాలు గడచినను దిగులు తీరక, నిద్ర పట్టక, బిడ్డపై మనసు నిలువకపోతే అది వ్యాధి. గాలి సోకినదని తాయెత్తుతో సరిపెట్టక వైద్యులకు చూపించవలెను. ఉద్యోగినులకు 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం, 2017 సవరణతో, మొదటి రెండు కానుపులకు 26 వారాల వేతనంతో కూడిన సెలవు కల్పించినది. ఇందులో ఎనిమిది వారాల వరకు కానుపుకు ముందే వాడుకొనవచ్చును.

చివరిగా కాగితం పని ఒకటి. బిడ్డ జననాన్ని 21 రోజులలోపు నమోదు చేయించవలెను. నివాసం ఎక్కడైనను, పుట్టిన చోటనే నమోదు జరుగుతుంది. కంటోన్మెంటు హద్దులలోని ఆస్పత్రిలో పుడితే కంటోన్మెంటు బోర్డు కార్యాలయంలోను, లేనిచో నగరపాలక సంస్థ కార్యాలయంలోను అడుగవలె. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేర్చటం మొదలుకొని ఓటుహక్కు, ప్రభుత్వోద్యోగం వరకు జనన తేదీకి ఈ పత్రమే ఆధారం. అఖీఖానాటికి గాని, బారసాలనాటికి గాని పేరు నిర్ణయం కాకపోయినా చింత లేదు. పేరు లేకుండానే నమోదు చేయించి, పన్నెండు నెలలలోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చును. అయితే ఆ పేరును ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో ఎట్లా వ్రాయాలో ముందుగా ఒక కాగితంమీద వ్రాసి, ఇంటిల్లిపాది చూసి, అదే కాగితాన్ని గుమాస్తాకు ఇవ్వండి. హాజరుపట్టీలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, మార్కుల జాబితాలో మరొకటిగా పేర్లున్న విద్యార్థినులు ప్రతి ఏడాది పరీక్ష ఫీజు కట్టే రోజులలో మా గది ముందు బారులు తీరి నిలబడుతున్నారు.